నత్తగుల్లల్లో దాచిన గొంతులు

అనగనగా ఒక రాజు. పేరు రత్నకేతు, ఊరు మణిదుర్గం. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఊఁ కొట్టండి మరి. మీరు ఊఁ కొట్టకపోతే రాజు అక్కడే నిలబడిపోతాడు, ఆ తర్వాత నన్నంటే నేనేం చేయలేను.

మణిదుర్గానికి తూర్పున ఒక మడుగు ఉండేది. మడుగంటే మీ ఇంటి వెనక గేదెలు పడుకునే గుంట అనుకునేరు. అది ఏరు కాదు, చెరువు కాదు, సముద్రమూ కాదు. పొద్దున్నే ఈ ఒడ్డున దోనె ఎక్కితే అవతలి ఒడ్డు చేరేసరికి పొద్దు వాలిపోయేది. నీళ్ళు తియ్యగా ఉండేవి. ఒకచోట మోకాలి లోతు, ఇంకోచోట మనిషి లోతు. ఎటు చూసినా మనిషికంటే ఎత్తు జమ్ము, జమ్ము సందుల్లో కలువలు, కలువల మీద పల్చని పొగమంచు. ఇక పిట్టలా, అబ్బో! సంచీ గొంతుల గూడబాతులు, నుదుట తెల్లనామం పెట్టుకున్న నామాలకోళ్ళు, నీలం రంగు జమ్ముకోళ్ళు, తెల్లకొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు. పొద్దు పొడిచింది మొదలు అవన్నీ ఒకటే గోల. అందుకే దాన్ని వెయ్యిగొంతుల మడుగు అనేవాళ్ళు.

రాణి గంగాదేవి ఆ మడుగులో దోనెలు నడిపేవాళ్ళ ఇంటి పిల్ల. వెనకటికి రాజు వేటకొచ్చి, బురదలో నడుముదాకా దిగబడి, కిరీటం చంకలో పెట్టుకుని "ఓయ్, ఎవరైనా ఉన్నారా" అని అరుస్తుంటే గడ అందించి బయటికి లాగింది ఆవిడే. తర్వాత ఏమైందో చెప్పాలా? పెళ్ళయింది.

కోటలోకొచ్చి రాణి అయినా ఆవిడకు ఒక అలవాటు పోలేదు. తూర్పు కిటికీ పక్కనే మంచం వేయించుకునేది. మడుగు మీది పిట్టల గోల చెవిన పడితేనే ఆవిడకు కన్ను మూతపడేది. కొందరికి జోలపాట కావాలి, ఆవిడకు కొంగల తగాదా కావాలి.

ఒక ఏడాది తొలకరి పడింది. మర్నాడు పొద్దున మడుగు మీద చప్పుడు లేదు. గూడబాతు నోరు తెరిచింది, గొంతు రాలేదు. నామాలకోడి మెడ సాచింది, గొంతు రాలేదు. లకుముకి పిట్ట కొమ్మ మీంచి దూకుతూ కూయబోయింది, గొంతు రాలేదు. పిట్టలే కూయడం లేదంటే దగ్గర్లో పెద్ద పామేదో ఉందనుకుని కప్పలు కూడా నోళ్ళు మూసుకున్నాయి. వెయ్యిగొంతుల మడుగులో ఒక్క గొంతు లేకుండా పోయింది.

ఆ రోజునుంచి రాణికి నిద్ర లేదు. గసగసాల పాలు తాగించారు. నిద్ర రాలేదు. వీణ వాయించారు. రాలేదు. ఆస్థాన గాయకుడు సిగ్గు విడిచి కొంగలా అరిచాడు. రాణికి నవ్వొచ్చింది గానీ నిద్ర రాలేదు. కళ్ళు గుంటలు పడ్డాయి. ముద్ద నోటికి పోవడం లేదు. మాట మధ్యలో మరిచిపోయి కిటికీ వైపు చూస్తూ కూర్చునేది.

రాజవైద్యుడు రాజుగారిని పక్కకు పిలిచాడు. "మహారాజా, ఈ వానలు తగ్గేలోగా అమ్మగారు కునుకు తీయాలి. లేకపోతే ఇక నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు. రాజు అంతటివాడు స్తంభాన్ని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పెద్దకొడుకు చండవర్మ మీసం దువ్వాడు. "మడుగేగా, నేను తేలుస్తా" అని ఏనుగుల్ని తోలుకుపోయాడు. బురద ఏనుగుల్ని పొట్టదాకా మింగింది. వాటిని బయటికి లాగడానికే అతనికి వారం పట్టింది, అలాగే వెనక్కి వచ్చేశాడు.

రెండోకొడుకు దండవర్మ పెద్ద పడవలు కట్టించాడు. నగారాలు మోగించుకుంటూ, అడ్డమొచ్చిన నాచు కుప్పనల్లా గడలతో పొడిచి పక్కకు నెట్టుకుంటూ పోయాడు. జమ్ములో దారులన్నీ ఒకేలా ఉంటాయి. తిరిగి తిరిగి, అవతలి ఒడ్డు వచ్చిందని గెంతి దిగితే, అది బయలుదేరిన రేవే. బట్టలుతికే వాళ్ళు నవ్వారు.

మూడోవాడి పేరు కలువరాజు. ఆ పేరు తల్లి పెట్టింది. ఏనుగు వద్దన్నాడు, పడవ వద్దన్నాడు. తల్లి పాదాలకు దండం పెట్టి, నడుచుకుంటూ మడుగొడ్డున ఉన్న మేనమామ ఇంటికి పోయాడు. మామ కూతురు నూకాలు గుమ్మంలో వల బాగుచేసుకుంటోంది. మడుగులో తాటిదోనె నడపడంలో ఆ పిల్ల దిట్ట.

"ఏం బావా, నీకు ఏనుగుల్లేవా?" అంది తలెత్తకుండానే.

"ఏనుగులు అన్నయ్యవి. నాకు నువ్వున్నావుగా" అన్నాడు కలువరాజు.

"అంటే నన్ను ఏనుగంటున్నావా?" అని మూతి ముడుచుకుంది గానీ, అత్త సంగతి తెలిసి లోపల ఆ పిల్లకూ గుబులుగానే ఉంది. వల పక్కన పడేసి దోనె నీళ్ళలోకి తోసింది.

కలువరాజు గడ అందుకుని నీళ్ళలో వేయబోయాడు. నూకాలు టక్కున చెయ్యి పట్టుకుంది. "అట్టా ఎయ్యకూడదు బావా! ముందు అడగాలి. 'ఎవరమ్మా లోపల?' అని అడిగి, కాసేపు ఆగి, అప్పుడు ఎయ్యాలి. ఒకరింట్లోకి పోయేటప్పుడు తలుపు కొట్టమూ?"

"ఇక్కడ ఇళ్ళెక్కడున్నాయి?"

"అదుగో, ఆ కుళ్ళిపోయిన నాచు కుప్ప ఉందే, అది బుడుబుంగ ఇల్లు. బుడుంగున మునిగి ఎక్కడో తేలుతుందే, ఆ పిట్ట. నీళ్ళమీదే గూడు కట్టి, బయటికి పోయేటప్పుడు గుడ్లమీద తడినాచు కప్పి పోద్ది. తెలియనోళ్ళు చెత్తనుకుంటారు. నడిపి బావ పొడుచుకుంటూ పోయింది ఇయ్యే."

కలువరాజుకు అన్న చేసిన పని తలుచుకుంటే సిగ్గేసింది. అప్పటినుంచి గడ వేసే ప్రతిసారీ వంగి, "ఎవరమ్మా లోపల?" అని అడిగాడు. అడిగి, ఆగి, వేశాడు. మడుగు నడిమికి పోవాలంటే ఏడు జమ్ములు దాటాలి. అలా అడుగుతూ పోతే ఎప్పటికయ్యేను అంటారేమో. నిదానంగానే పోయారు. దోనె కదిలినట్టే ఉండదు. మబ్బులు నీళ్ళలో, కలువలు మబ్బుల్లో. చప్పుడు లేని ఆ లోకంలో కొంగలు ఒక్కొక్కటే లేచి, తిరిగి వాలేవి. చూస్తుంటే తను మెలకువగా ఉన్నాడో, నిద్రలో ఉన్నాడో కలువరాజుకే తెలియలేదు.

మొదటి జమ్ము దగ్గర "ఎవరమ్మా లోపల?" అంటే, "నేనే నాయనా, తాబేలుని" అని నీళ్ళలోంచి బదులొచ్చింది. నాచు పట్టిన ముసలి తాబేలు తల పైకెత్తింది. "జానెడు ఇటుగా వేసుంటే నా వీపు చిట్లేది. అడిగి బతికించావు, నీకొక మాట చెబుతా. నడిమి లంకలో కరకంఠుడనే మాంత్రికుడున్నాడు. పిట్టల గొంతులు తీసింది వాడే. ఒక్కో గొంతూ ఒక్కో నత్తగుల్లలో పెట్టి, మూత మూసి, లంక చుట్టూ బురదలో పూడ్చాడు. మనిషి చెయ్యి తగిలితే ఆ మూతలు బిగుసుకుంటాయి. ఇనుము తగిలితే రాళ్ళవుతాయి. ఎక్కడ పూడ్చాడో నేను చూపిస్తా గానీ, తీయడం నా వల్ల కాదు." అని దోనె వెంట ఈదుకుంటూ వచ్చింది.

మూడో జమ్ము దగ్గర "ఎవరమ్మా లోపల?" అంటే, టకటకటక అని చప్పుడైంది. మడుగు మూగబోయాక వాళ్ళు విన్న మొదటి పిట్ట చప్పుడు అదే. జమ్ములో ఒక నత్తకొంగ ఒంటికాలి మీద నిలబడి ముక్కు ఆడిస్తోంది. "ఇదేం చెబుతోంది?" అని అడిగాడు కలువరాజు. తాబేలు అర్థం చెప్పింది. "దీనికి పుట్టుకనుంచీ గొంతు లేదు నాయనా, ముక్కు కొట్టుకునే మాట్లాడుతుంది. అందుకే మాంత్రికుడు దీని జోలికి రాలేదు. తన గూటికింద గడ గుచ్చకుండా ఆగావట, నీకు పనికొచ్చేదేదైనా ఉంటే చేస్తానంటోంది." నత్తకొంగ దోనె వెనక వయ్యారంగా అడుగులేసుకుంటూ బయలుదేరింది.

ఐదో జమ్ము దగ్గర "ఎవరమ్మా లోపల?" అంటే, "ష్, పిల్లలు పడుకున్నారు" అని ఒక నీటిపిల్లి మీసాలు దులుపుకుంటూ వచ్చింది. "ఇంత మర్యాదగా అడిగినవాడు ఈ మధ్య కనబడలేదు. లంకకు దారి నేను చూపిస్తా పదండి" అని ముందు ఈదింది. అది తోక ఎటు తిప్పితే దోనె అటు తిరిగింది. ఆరో జమ్ము దాటారు, ఏడో జమ్ము దాటారు, లంక కనబడింది.

ఊఁ కొడుతున్నారా? ఎవరో గురక పెడుతున్నట్టుంది. మాంత్రికుడు వస్తున్నాడు, లేవండి.

కరకంఠుడు లంకలో గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తడినాచులా వేలాడుతోంది, రెండు చెవుల్లో దూది. వాణ్ణి చూసి కలువరాజు భయపడలేదు. "అయ్యా, పిట్టల గొంతులు ఇచ్చెయ్యి. అవి లేక మా అమ్మ నిద్రపోవడం లేదు. చచ్చిపోయేట్టుంది" అన్నాడు.

వాడు దూది తీసి విని, పకపకా నవ్వాడు. "ఇవ్వనంటే?"

"నీలాంటివాళ్ళ ప్రాణం ఎక్కడో దాచి ఉంటుందని చిన్నప్పుడు కథల్లో విన్నాను. అదెక్కడుందో కనిపెడతాను."

"ఓహో! సరే, పందెం. మడుగంతా నేనే దగ్గరుండి తిప్పి చూపిస్తా. మూడుసార్లు అడుగు. కనిపెడితే గొంతులు నీవి. కనిపెట్టలేకపోతే నువ్వూ, నీ మరదలూ నత్తలైపోతారు."

నూకాలు బావ వైపు చూసి సరేనంది.

కరకంఠుడు వాళ్ళను తన దోనెలో ఎక్కించుకుని తనే గడ పట్టాడు. వాడికి అడగడాలూ ఆగడాలూ ఏమీ లేవు. దబీదబీమని గడ గుచ్చుతూ, జమ్ము తొక్కించుకుంటూ దోనె తోశాడు. తోస్తూనే ఒక్కొక్కటీ చూపించాడు. గొడుగంత ఆకుల తామరవనం చూపించాడు. గూడబాతుల దిబ్బ చూపించాడు. అడుగున ఇసుక మెరిసే తేటనీళ్ళు, అందులో బారులు తీరిన చేపపిల్లలు చూపించాడు. నత్తనైపోతానన్న సంగతి మరిచిపోయి కలువరాజు కళ్ళప్పగించి చూశాడు. మడుగు అంత బాగుంది మరి.

"ఆ పెద్ద తామరలో ఉందా నీ ప్రాణం?" అని అడిగాడు. మాంత్రికుడు నవ్వి ఆ తామరను గడతో ఫెడీమని కొట్టాడు. రేకులు రాలాయి గానీ వాడికేం కాలేదు.

"ఆ ముసలి గూడబాతులో ఉందా?" అన్నాడు. మాంత్రికుడు నవ్వి దాన్ని గడతో ఒక్క తోపు తోశాడు. అది నీళ్ళలో పడింది, వాడికేం కాలేదు.

"బావా, ఒక్కటే మిగిలింది" అని నూకాలు కలువరాజును గట్టిగా గిల్లింది. మొక్క సంగతి అడగాలా, చేప సంగతి అడగాలా? ఏమీ తోచక మాంత్రికుడి చేతుల వైపు చూస్తూ కూర్చున్నాడు. దబీ, దబీ, దబీ. దోనె పోతోంది. ఒకచోట మాత్రం దబీ వినబడలేదు. మాంత్రికుడు గడ పైకెత్తేశాడు. వంగి, అరచేత్తో నీళ్ళు మెల్లగా నెడుతూ దోనెను పక్కకు జరిపాడు. వాడి పెదాలు కదిలాయి. ఏమంటున్నాడో వినబడలేదు గానీ, ఏం అడుగుతున్నాడో కలువరాజుకు తెలిసిపోయింది. పక్కన ఉన్నది ఒక నాచు కుప్ప.

"ఇన్ని ఇళ్ళమీదుగా దోనె తోలుకొచ్చావు. తలుపు కొట్టింది ఈ ఒక్క ఇంటికే" అన్నాడు కలువరాజు. "నీ ప్రాణం ఇక్కడుంది."

కరకంఠుడి మొహం పాలిపోయింది. నూకాలు నాచు తొలగించింది. లోపల బొటనవేలంత గుడ్డు ఒకటి, నాచు మరక పట్టి గోధుమరంగుకు తిరిగి ఉంది. పందెం ఓడిన మాంత్రికుడికి ఆ రోజుకు మంత్రం పారదు, అది వాళ్ళ ఆచారం. అయినా వాడి నోరు ఆగలేదు. "గొంతులు నీవన్నాను, నీవే. లంక చుట్టూ బురదలో ఉన్నాయి. దమ్ముంటే మూతలు తీసుకో పో!"

కలువరాజుకు కోపం ముంచుకొచ్చింది. అమ్మ మొహం గుర్తొచ్చింది. గడ లాక్కుని గుడ్డు మీదికి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే నీళ్ళలోంచి బుడుంగున ఒక పిట్ట తేలింది. గుప్పెడంత పిట్ట. గూటిమీదికి ఎగబాకి, గుడ్డుకూ గడకూ మధ్య రెక్కలు చాపి నిలబడింది. నోరు తెరిచి అరుస్తోంది, అరుపు రావడం లేదు. ఎర్రటి కళ్ళు. ఎన్నాళ్ళుగానో మూతపడని కళ్ళు. కలువరాజుకు ఆ కళ్ళు తెలుసు, రోజూ తూర్పు కిటికీ దగ్గర చూస్తున్నవే. గడ కిందికి దించేసి, తనే తడినాచు తీసుకుని ఆ గుడ్డుమీద మెల్లగా కప్పాడు.

అది చూసి మాంత్రికుడు దోనెలో కూలబడ్డాడు. నిజం అప్పుడు బయటికొచ్చింది. "గుడ్డులో ఉన్నంతసేపు చావు రాదని ప్రాణం అందులో పెట్టాను. ఒకనాడు చెవి ఆనించి వింటే లోపల కదిలింది. తల్లి కూత వింటే పెంకు పగలగొట్టుకుని వచ్చేస్తుంది. వచ్చిందంటే గద్దలున్నాయి, పాములున్నాయి, నా ప్రాణానికి దిక్కెవరు? ఒక్క బుడుబుంగ గొంతే తీస్తే ఎందుకు తీశానా అని ఎవరైనా వెతుకుతారు. అందుకని అందరివీ తీసేశా" అన్నాడు. ఈ వానాకాలం మడుగులో ఏ గుడ్డూ ఎందుకు పగలలేదో నూకాలుకు అప్పుడు తెలిసింది.

ఇంతలో టకటకటక అని చప్పుడు. నత్తకొంగ దోనె అంచుమీద ముక్కు కొడుతోంది. దాని ముక్కు చూశారా మీరెప్పుడైనా? మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తమూత తీయడానికే పుట్టిన ముక్కు. అది మనిషి చెయ్యి కాదు, ఇనుమూ కాదు. గొంతులేని పిట్ట నన్నేం చేస్తుందిలే అని మాంత్రికుడు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

అందరూ లంకకు వెనక్కి వెళ్ళారు. తాబేలు బురద తవ్వి గుల్లలు చూపించింది. నీటిపిల్లి మునిగి ఒక్కొక్కటే మూతితో నెట్టుకొచ్చింది. నత్తకొంగ ముక్కు సందులో పెట్టి టక్కున మూత లేపింది. మొదటి గుల్లలోంచి నామాలకోడి గొంతు క్రేకుమంటూ ఎగిరిపోయింది. రెండో గుల్లలోంచి జమ్ముకోడి గొంతు. తర్వాత కొంగలవి, నీటికాకులవి, గూడబాతులవి. ఒక్కో గొంతూ సొంతదారును వెతుక్కుంటూ జమ్ములమీదుగా పోతోంది. మడుగు అంచుల్నుంచి కొద్దికొద్దిగా చప్పుడు లేస్తోంది. కప్పలు కూడా ధైర్యం తెచ్చుకున్నాయి. చిట్టచివరి గుల్ల గోరంత. దాన్ని తెరవగానే కిరికిరికిరికిరి అని సన్నని కూత పరిగెత్తింది.

బుడుబుంగ తన గూటి పక్కన నిలబడి కూసింది. గుడ్డులోంచి టిక్కు, టిక్కు. పెంకు చిట్లింది. చారల చారల పిల్ల ఒకటి, తడిసి ముద్దయి, తూలుకుంటూ వచ్చి అమ్మ వీపెక్కి రెక్క కింద దూరింది. అదే క్షణాన మడుగంతా గూడుగూడునా గుడ్లు పగిలాయి. ఎటు చూసినా పిల్లలే. ఆ పెంకుతోపాటే కరకంఠుడి మంత్రాలూ పోయాయి. వాడు లంకనుంచి గబగబా దోనె తోసుకుంటూ వచ్చేసరికి గూళ్ళ చుట్టూ ఎన్నో బుడుబుంగలు, అన్నిటి వీపులమీదా చారల పిల్లలు. "ఏది? నాదేది?" అని వాడు గుండెలు బాదుకున్నాడు. ఈలోగా పైన గద్ద తిరిగింది. ఏ పిల్లమీద వాలుతుందో తెలియదు. వాడు గడ ఎత్తి "హోయ్ హోయ్" అని దాని వెంట పడ్డాడు.

మణిదుర్గంలో రాణి రాజుతో ఏదో చెబుతోంది. చెబుతూ చెబుతూ ఆగి, చెవి ఒగ్గింది. తూర్పునుంచి కొంగల తగాదా వినబడింది. "వచ్చేశాయండీ" అంది. అంతే, కూర్చున్నచోటే తల వాల్చి నిద్రపోయింది. రాజు ఆవిణ్ణి మెల్లగా పడుకోబెట్టి, పక్కన కూర్చుని విసురుతూ ఉండిపోయాడు. కోటలో బాకాలు ఆపేశారు. చండవర్మ, దండవర్మ మునివేళ్ళమీద నడిచారు. కలువరాజూ నూకాలూ వచ్చి గుమ్మంలో నిలబడితే, రాజు వేలు పెదాలమీద పెట్టి, కళ్ళనీళ్ళతో కొడుకును కౌగిలించుకున్నాడు.

రాణి కడుపునిండా నిద్రపోయి లేచాకే పెళ్ళిమాట ఎత్తారు. ఏడు జమ్ములలోనూ పచ్చని పందిళ్ళు వేసి కలువరాజుకూ నూకాలుకూ పెళ్ళి చేశారు. అన్నలిద్దరూ పోట్లాడకుండా తమ్ముడికే రాజ్యం ఇచ్చేశారు. బట్టలుతికే వాళ్ళు నవ్వుతారని కూడా ఇచ్చేసి ఉండొచ్చు. పెళ్ళికి కరకంఠుడు రాలేదు. తను వస్తే పిట్టల్ని ఎవరు కాస్తారని కబురు పెట్టాడు. నూకాలు బూరెలు మూటకట్టి దోనెలో పంపించింది.

కలువరాజు చాలా కాలం చల్లగా ఏలాడు. పిట్టలు పిల్లల్ని పెట్టాయి, ఆ పిల్లలు మళ్ళీ పిల్లల్ని పెట్టాయి. రాజుకు మీసం నెరిసింది. ఒక సాయంత్రం కలువరాజూ నూకాలూ దోనెలో మడుగు చూడబోతే కరకంఠుడు ఎదురొచ్చాడు. ఎండకు నల్లబడ్డాడు, నడుం వంగింది. తలమీద ఒక లకుముకి పిట్ట కూర్చుని ఉంది, ఆ సంగతి వాడికి తెలిసినట్టు లేదు.

"ఏమయ్యా, నీ పిట్ట ఏదో తెలిసిందా?" అని అడిగాడు రాజు.

"మొదట్లో వెతికాను ప్రభూ. ఇప్పుడు తీరికెక్కడిది?" అన్నాడు కరకంఠుడు. అంటూనే పైకి చూసి, "అదుగో గద్ద! హోయ్ హోయ్" అని గడ వేసుకుంటూ జమ్ములోకి పోయాడు.

వాడి వెనకే కథ కూడా జమ్ములో దూరింది. మీరిక దుప్పట్లో దూరండి.